మోసికొనిపోయిన చీఁకటిగది
తడిపలకలనాఁటి ఛాయాచిత్రకారుల సామగ్రియు, దాని రక్షణమును

పూర్వకట్టడములను, శిల్పములను, శాసనములను గూర్చి పరిశోధించువారు పాత ఛాయాచిత్రములను ప్రమాణములుగాఁ గైకొనుట నేఁడు పరిపాటియైనది. ఇప్పుడు కూలిపోయిన మండపము నాఁడు నిలిచియుండెననియు, ఇప్పుడు పగిలిన శిలపై నాఁడు అక్షరము లుండెననియు చూపుటకు వానికంటె బలమైన సాక్ష్యము దొరకుట యరుదు. అట్టి చిత్రము చేతికి వచ్చినప్పుడు మనము రెండు ప్రశ్నల నడుగుదుము: దీనిని తీసినవాఁ డెవఁడు? ఎప్పుడు తీసెను? మూఁడవ ప్రశ్నను సాధారణముగా నడుగము. దీనిని తీయుటకు వలసిన సామగ్రి ఆ చోటి కెట్లు చేరెను? చెడక యెట్లు తిరిగివచ్చెను? ఈ ప్రశ్న కేవలము కుతూహలమువలనఁ బుట్టినది కాదు. 1850 మొదలు 1880 వఱకు ఏ కట్టడము చిత్రమున కెక్కెను, ఏది యెక్కకపోయెను, ఎక్కినదానిలో నెంతటి సూక్ష్మము కనఁబడెను అనువానిని పెక్కుమాఱులు మోఁతయే నిర్ణయించినది. ఈ విషయమును కొన్ని నిదర్శనములతోఁ జూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట ఆనాఁటి పద్ధతులను సంగ్రహముగాఁ జెప్పవలయును. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందుఁ బ్రకటింపఁబడిన డాగెరు విధానములో, వెండిపూఁత గల రాగిరేకుమీఁద బొమ్మ పడును. దానినుండి ప్రతులు తీయ వీలులేదు. ఇంగ్లండులో టాల్బటు 1841లో కాలోటైపు అను పద్ధతికి హక్కుపత్రమును బొందెను. ఇందు నెగిటివు కాగితము. ఒక్కదానినుండి యెన్ని ప్రతులనైనను తీయవచ్చును. 1851లో ఫ్రెంచివాఁడగు లెగ్రే ఆ కాగితమునకు ముందుగనే మైనము పట్టించు విధానమును బ్రకటించెను. మైనపుఁ గాగితమును ప్రయాణమునకు ముందే సిద్ధపఱచి, పొడిగాఁ గట్టఁగట్టి తీసికొనిపోవచ్చును. చిత్రము తీసినపిమ్మట బసకు వచ్చి తీఱికగా బొమ్మను తేర్చుకొనవచ్చును. ఆ 1851లోనే యింగ్లండున ఆర్చరు కొలోడియను పద్ధతిని వెల్లడించెను. దీనికి నెగిటివు గాజుపలక. కాగితపు నారల యడ్డు లేదు గనుక వెండ్రుకవాసి గీఁతయు స్పష్టముగాఁ బడును. వెలుఁగు చూపవలసిన కాలమును తగ్గును. ఇన్ని గుణములుండుటచే నది పాతపద్ధతుల నన్నిటిని వెనుకకు నెట్టెను. అయితే దానితో నొక గొప్ప చిక్కు వచ్చిపడెను.

ఆ చిక్కు తడి. నత్రికామ్లముతో సంస్కరించిన ప్రత్తిని ఈథరు, సారాయములలోఁ గరఁగించి, అయొడైడు లవణమును గలిపినచో చిక్కని ద్రవమగును. దానిని నిర్మలమైన గాజుపలకపైఁ బోసి, పలకను నలువైపులకు వంచి సమముగాఁ బఱపవలయును. అది గట్టిపడకమునుపే పలకను వెండి నైట్రేటు నీటిలో ముంచవలయును. ఈ ముంచుట చీఁకటిలో జరుగవలయును. తడియారకుండఁగనే దానిని మూఁతగల చట్రములో నుంచి కెమేరాకుఁ దగిలించి చిత్రము తీసి, మరల చీఁకటికిఁ దెచ్చి బొమ్మను తేర్చి, హైపోతోఁగాని విషమైన సయనైడుతోఁగాని కడిగి, మంచినీటితో శుభ్రపఱచి, ఆరిన వెనుక వార్నీషు పూయవలయును. చల్లని దేశములలోనే యీ పనికి దొరకు వ్యవధి సుమారు పది పదునైదు నిమిషములు. మండుటెండలో నదియు దక్కదు. పలక యారెనా, పని వ్యర్థము. కాఁబట్టి చిత్రకారుఁడు కెమేరాను మాత్రము తీసికొనిపోయినఁ జాలదు. చీఁకటిగదినే వెంటఁ దీసికొనిపోవలయును.

ఆ చీఁకటిగదితోఁ గూడ పోవలసిన వస్తువు లెవ్వి? కెమేరాలు, కటకములు, ముక్కాలిపీఠములు, గాజుపలకలు, వెండినీటి తొట్టి, త్రాసు, గిన్నెలు, రసాయనముల సీసాలు, ఒక్కొక్కచోట నీరును. వీనిలో నొక్కొక్కదానికి నొక్కొక్క శత్రువు. గాజునకు కుదుపు, ఈథరునకు వేఁడి, వెండినీటికి ధూళియు, వెలుఁగును, కెమేరా కొయ్యకు తేమ, ఎండ, చెదలు. పలకలు ఒకదానినొకటి రాచుకొనకుండ లోపల గాడులు తీసిన పెట్టెలలో నిలువుగా నమర్చుచుండిరి. గాడిలో నిలిచిన పలక కుదుపునకు తట్టుకొనును; ఒకదానిపై నొకటి పేర్చినచో క్రిందిది బరువునకుఁ బగులును, లేదా గీఁతలు పడును. ఉష్ణదేశములలో జిగురుతో నతికిన కెమేరా యెండకు విచ్చిపోవును గనుక, తరువాతికాలమున టేకుకొయ్యతోఁ జేసి, మూలల నిత్తడి పట్టీలు, మరలు బిగించిన కెమేరాలు వచ్చెను. మనము పాతవస్తువుల యంగళ్లలోఁ జూచు నిత్తడి తళుకు అలంకారము కాదు. అది జిగురుపైఁ బోయిన నమ్మకమునకు గుర్తు.

బండి నడుచు దేశమున నీ భారమునకు బండియే యుపాయము. 1855లో క్రిమియా యుద్ధమును చిత్రించుటకుఁ బోయిన రోజరు ఫెంటను, ద్రాక్షసారా వర్తకుని బండి నొకదానిని కొని, చీఁకటిగదిగా మార్పించి, ఓడ కెక్కించుకొనిపోయెను. అతనివెంట 5 కెమేరాలు, 700 గాజుపలకలు, 36 పెద్దపెట్టెలు నుండెను. అయినను వేసవి రాఁగానే బండిలోపలి వేఁడికి పలక కెమేరాకుఁ జేరకమునుపే యారుట మొదలిడెను. ఉదయపు వేళలఁ దప్ప పని సాగదయ్యెను. మఱి బండి పోలేని చోట నేమి చేయవలయును?

దీనికి సమాధానము హిమాలయములలోఁ గలదు. శామ్యూలు బోరను అను నతఁడు నాటింగుహాములో బ్యాంకుద్యోగము మాని, 1863లో మనదేశమునకు వచ్చి, సిమ్లాలో ఛాయాచిత్రవ్యాపారమునఁ బాలుగొనెను. ఆ యేఁడు జూలై నెలాఖరున సిమ్లానుండి బయలుదేఱి సట్లెజునది లోయవెంట సుమారు పదివారములు కొండలలోఁ దిరిగెను. 1864లో కాశ్మీరమునకును, 1866లో స్పితి ప్రాంతమునకును, గంగోత్రికిని యాత్రలు చేసెను. ఈ మూఁడు యాత్రల వృత్తాంతములను బ్రిటిషు జర్నల్ ఆఫ్ ఫొటోగ్రఫీ యను పత్రికకు వ్రాసి పంపెను గనుక, సామగ్రి మోఁతను గూర్చి యింత వివరమైన ప్రథమసాక్ష్యము మనకు దక్కినది.

మొదటి యాత్రలో నతని సామగ్రిలో 650 గాజుపలకలు గలవు. గొడుగువలె విచ్చుకొని ముడుచుకొను, సుమారు పదియడుగుల యెత్తుగల గుడార మొకటి చీఁకటిగదిగా నుండెను. వీనిని, వంటసామానును, పడకలను మోయుటకు సుమారు 30 మంది కూలీలు. 12 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు గల గాజుపలక రెండు మిల్లీమీటర్ల మందముండెనని కొన్నను, నూఱు పలకలు దాదాపు నలువది కిలోగ్రాములు తూఁగును. పెట్టె బరువు వేఱు. ఈ బరువు మనుష్యుని వీఁపుపై, ఒక్కపాదమునకు మాత్రమే చోటుగల కొండదారుల నెక్కి దిగవలయును. ఒక్కఁడు కాలుజాఱినచో నొక పెట్టెఁడు పలకలు పోవును; పోయినది వెండినీటి తొట్టియైనచో యాత్రయే ముగియును. ఆ యాత్రనుండి బోరను తెచ్చిన నెగిటివులు 147. పదివారముల శ్రమకు ఫలమిది. 1866లో మణిరంగు కనుమపై నతఁడు చిత్రములు తీసెను. ఆ కనుమ యెత్తు అతని లెక్కలో 18,600 అడుగులు. అంత యెత్తున, గడ్డకట్టు చలిలో, గుడారము నెత్తించి, తడిపలకను సిద్ధపఱచి, బొమ్మ తేర్చుట సామాన్యకార్యము కాదు. దాని నెవ్వరును కాదనరు.

అయినను ఈ గౌరవమున కంతయు నొక్కఁడే హక్కుదారుఁడా యనునది విచార్యము. బోరను రచనలలో కూలీలు ప్రధానముగా సంఖ్యారూపముననే కనఁబడుదురు: ఇంతమంది వచ్చిరి, ఇంతమంది పాఱిపోయిరి. కొండరాజ్యములలో నాఁడు బేగారు అను నాచారము చెల్లుచుండెను. అధికారులు వ్రాసియిచ్చిన పత్రమును చూపిన ప్రయాణికునకు గ్రామపెద్ద మోఁతగాండ్రను కుదిర్చి యీయవలయును. ఏదో కొంత కూలి ముట్టినను, రానని చెప్పు స్వాతంత్ర్యము వారికి లేదు. అట్టివారు దారిలో బరువును దించి తప్పించుకొని పోవుటలో వింత యేమున్నది? వారిని కఱ్ఱతోఁ గొట్టి పనికి మరల్చితినని బోరను తానే సంకోచము లేక వ్రాసికొనినాఁడు. మంచుకొండల ప్రశాంతతను జూపు నా చిత్రములవెనుక నీ దెబ్బలును గలవు. చిత్రమునందలి సౌందర్యము దీనిచే నబద్ధము కాదు. కాని చరిత్రకారుఁడు మొదటిదానిని వ్రాసి రెండవదానిని విడుచుట న్యాయము కాదు. 1921 జనవరిలో కుమావూఁలోని బాగేశ్వరమున కూడిన ప్రజలు బేగారు పట్టికలను సరయూనదిలోఁ బాఱవైచి, ఇఁక మోయమని ప్రతిన పట్టిరి. మన తెలుఁగువారికి నీ కథ పరాయిది కాదు. అధికారుల సామాను మోయుటయు నైజాము రాష్ట్రపు వెట్టిలో నొకభాగము. 1930లో జోగిపేటలో మొదలైన యాంధ్రమహాసభలు దానిని ఖండించుచు వచ్చినవి.

ఇఁక దక్షిణమునకు వత్తము. ఇచ్చట మంచు లేదు. ఎండ, దుమ్ము, వానలు శత్రువులు. విజయనగర శిథిలములను మొదట విస్తారముగాఁ జిత్రించినవాఁడు గ్రీన్లా అను సైనికోద్యోగి. 1856లో హంపిలో నతఁడు వాడినది గాజు కాదు, మైనపుఁ గాగితము. ఆ నెగిటివులు సుమారు 16 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల పెద్దవి. అంత గాజు మోయవలసినచో నెన్ని బండ్లు, ఎన్ని పెట్టెలు వలసియుండెనో యూహింపుఁడు. కాగితము పగులదు, తేలికయైనది, తడియారునను భయము లేదు. మోఁత సులువగుటచేతనే అంత పెద్దచిత్రములు సాధ్యమైనవి. 1983లో జాను గోలింగ్సు అను ఛాయాచిత్రకారుఁడు గ్రీన్లా నిలిచిన తావులనే నిలిచి మరల చిత్రములు తీయఁగా, నూటయిరువదియేడు సంవత్సరములలో ఏ స్తంభము పడెనో, ఏది పోయెనో పోల్చి చూచుకొను భాగ్యము మనకుఁ గలిగెను. అయితే కాగితమునకు మూల్యము లేకపోలేదు. నారలవలన సన్ననిగీఁతలు మెత్తఁబడును. వెలుఁగు చూపవలసిన కాలము హెచ్చును గనుక కదలువారు చిత్రమునఁ బడక మాయమగుదురు. హంపి చిత్రములు కొన్ని నిర్జనముగాఁ గనఁబడినంతమాత్రమున నా చోట నరసంచారము లేదని నిర్ణయింపరాదు.

లినేయసు ట్రైపు అను మదరాసు సైన్యోద్యోగి చరిత్ర మఱింత బోధకము. అతఁడు 1855లో ఆవా రాజధానికిఁ బోయిన రాయబారవర్గముతో బర్మాకుఁ బోయి కాగితపు నెగిటివులతోఁ జిత్రములు తీసెను. 1856లో మదరాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుఁడుగా నియమింపఁబడెను. 1857 డిసెంబరులో నెడ్లబండ్లపై సామగ్రి నెత్తించి బయలుదేఱి శ్రీరంగము, మధుర, తంజావూరు మున్నగు చోట్లఁ దిరిగెను. తంజావూరి బృహదీశ్వరాలయమున విమానపు పీఠముచుట్టు నున్న శాసనమును వరుసగాఁ జిత్రించి, 21 ప్రతులను జతచేసి, పందొమ్మిదడుగులకుఁ బైఁబడిన పొడవుగల యొకే చిత్రముగాఁ గూర్చెను. శాసనపరిశోధకులు కాగితముపై సిరాముద్ర లెత్తి గ్రంథములు ప్రకటించుటకు చాల ముందే యిది జరిగినది. ఒక శాసనమును విడువక చిత్రింప వలయునన్నచో యంత్రమును పీఠము వెంట నంగలంగలుగా జరుపుచు, ప్రతిచోటను దూరమును, ఎత్తును సమముగా నిలుపవలయును. ఇదియు నొకవిధమైన మోఁతయే. 1859లో మదరాసు గవర్నరుగా వచ్చిన ట్రెవెలియను ఈ పనిని విలాసవ్యయముగా నెంచెను, కార్యాలయము మూయింపఁబడెను. ట్రైపు చిత్రములను వాడువా రొక్క విషయమును మఱువరాదు. కాగితపు నెగిటివులలో నాకాశము మచ్చలుపడుట చూచి, కొన్నింట నతఁడు మేఘములను కుంచెతో దిద్దెను. ఆ మేఘములు సాక్ష్యము కావు.

ట్రైపు 1858లో అమరావతీ శిల్పములను గూడఁ జిత్రించెను. కాని యమరావతిలోఁ గాదు, మదరాసులో. కారణము సుప్రసిద్ధము. 1845లో వాల్టరు ఎలియటు స్తూపప్రదేశమును త్రవ్వించి, దొరకిన శిలలను మదరాసునకుఁ బంపించెను. అవి యెండకు వానకు నోర్చుచు చాలకాలము బయలునఁ బడియుండెను. 1859లో లండనునకు నోడ యెక్కెను. ఆ మధ్యకాలమునఁ దీసిన చిత్రములివి. ఇక్కడ యంత్రము శిల్పమును వెదకికొని పోలేదు. శిల్పమే బండియెక్కి యంత్రమున్న పట్టణమునకు వచ్చినది. కావున నా చిత్రములలో శిలముఖము చక్కఁగాఁ దెలియును గాని, ఆ శిల స్తూపమున నే దిక్కున, దేనిప్రక్క నుండెనో తెలియదు. దానిని దెలిసికొనుటకు మనము మరల 1816లో మెకంజీ పంపిన చిత్రలేఖకుల పటములయొద్దకే పోవలయును. వారు తీసికొనిపోయినది కాగితము, సీసపుఁగడ్డి, కొలత గొలుసు. తేలికయైన సామగ్రితో వారు చోటికిఁ బోయి చోటునే వ్రాసిరి. గాజుపలక కంటె చేతివ్రాఁత స్థూలమైనదే. కాని స్థలమును గూర్చి యదియే ప్రమాణము. సాధనము నూతనమైనంతమాత్రమున సాక్ష్యము సంపూర్ణము కాదని యిది తెలుపుచున్నది.

1871లో మాడక్సు అను నాంగ్లవైద్యుఁడు జెలటిను పూసిన పొడిపలకల విధానమును బ్రకటించెను. 1880 ప్రాంతమునకు అట్టి పలకలు అంగళ్లలో సిద్ధముగా దొరకసాగెను. చీఁకటిగుడారము, వెండినీటి తొట్టి, ఈథరు సీసాలు ఒక్కసారిగా మోఁతనుండి తొలఁగిపోయెను. ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుఁడై, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పిన రాజా దీనదయాళు హైదరాబాదు సంస్థానమున దర్బారులను, కోటలను, వేఁటలను అంత విస్తారముగాఁ జిత్రింపఁగలుగుటకు నీ మార్పు సహాయపడెననుటలో సందేహము లేదు. అయినను పలక గాజుపలకయే. పగులు భయము పోలేదు. దానికిఁ దోడు మనదేశపు వేఁడినీటిలో జెలటిను మెత్తఁబడి జాఱిపోవును గనుక, పటికనీటితో గట్టిపఱచుటయో, మంచుగడ్డలతో నీటిని చల్లార్చుటయో యవసరమయ్యెను. తేమకు జెలటినుపై బూజు పట్టును. దారిలోని యపాయములు తగ్గఁగా నింటిలోని యపాయములు మిగిలినవి.

ఈ యింటియపాయములు సామాన్యములు కావు. బోరను భాగస్వామిగా నున్న బోరను అండు షెపర్డు సంస్థయొక్క కలకత్తా భవనమున 1991లో నగ్నిప్రమాదము సంభవించి, పాతచిత్రముల భాండాగారము చాలవఱకు నశించెను. 2016లో సంస్థయే మూతపడెను. మంచుకనుమలు దాఁటి చెడక వచ్చిన యుద్యోగము నగరమధ్యమునఁ గూడ సురక్షితము కాదని దీనివలనఁ దెలియుచున్నది. రక్షణమనునది యాత్రతో ముగియు పని కాదు. చిత్రమున్నంతకాలము సాగవలసిన పని.

పైనిదర్శనములనుండి పరిశోధకులకు మూఁడు సూత్రములు తేలుచున్నవి. మొదటిది: పాతచిత్రమును ప్రమాణముగాఁ జూపునప్పుడు నెగిటివు కాగితమో, తడిపలకయో, పొడిపలకయో తెలిసికొని, ఆ పదార్థము చూపఁగల సూక్ష్మమునకు మించిన నిర్ణయము చేయరాదు. రెండవది: ఒక గ్రామమునకుఁగాని యాలయమునకుఁగాని ఆ కాలపు చిత్రము లేకపోవుట, దానికిఁ బ్రఖ్యాతి లేదనుటకు సాక్ష్యము కాదు, బాట లేదనుటకు మాత్రమే సాక్ష్యము కావచ్చును. మూఁడవది: చిత్రకారుని పేరు వ్రాయుచోట, తెలిసినంతవఱకు మోసినవారి సంగతియు వ్రాయవలయును. పేరులు దొరకకున్న సంఖ్యనైనను, కుదిర్చిన విధమునైనను చెప్పవలయును.

పాఠశాలలయందలి పండితులకును నొక మనవి. మన జమీందారుల యిండ్లలోను, పాత పాఠశాలల బీరువాలలోను గాజునెగిటివు లింకను అక్కడక్కడఁ గలవు. అవి కనఁబడినచో నీటితోఁ గడుగఁబోకుఁడు, గుడ్డతో రుద్దకుఁడు. అంచులు పట్టుకొని యెత్తి, ఒక్కొక్కదానిని ఆమ్లము లేని కాగితములో వేఱువేఱుగాఁ జుట్టి, ఒకదానిపై నొకటి పేర్చక, పొడవైన యంచుపై నిలువుగా నిలిపి, తేమ తగులని చల్లని చోట నుంచుఁడు. ఏ యింట, ఏ పెట్టెలో, ఏ వరుసలో దొరకెనో వెంటనే వ్రాసియుంచుఁడు. ఒకనాఁడు పేరులేని మనుష్యులు వీఁపులపై మోసి కాపాడిన గాజునకు నేఁడు మనము చేయఁగల సేవ యింత స్వల్పము. దాని నుపేక్షించినచో నష్టపోవునది యొక పలక కాదు, మనదేశచరిత్రలో మరల వ్రాయ వీలులేని యొక పుట.